మొక్కజొన్న వేయకపోయినా మొక్కజొన్న డబ్బులు

అమెరికాలో ఏ కౌంటీలో, అంటే మన జిల్లాలాంటి దాంట్లో, ఏ రైతుకి ప్రభుత్వం ఎంత డబ్బు ఇచ్చిందో పేరుతో సహా ఎవరైనా చూసుకోవచ్చని పోయిన నెల ఒక జవాబులో మాటవరసకి రాశాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. కొందరికి కుతూహలం, కొందరికి కోపం, డాలస్ చుట్టుపక్కల భూములు కొన్నవాళ్ళకి మాత్రం టెన్షన్. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఏరి కొన్నిటికి జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: నేను రిటైరైన స్కూలు మాస్టారిని. మా అబ్బాయి దగ్గరికి అయోవా వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చాను. అక్కడ పరిచయమైన ఒక రైతు తన చేలో సోయా వేశాడు, ప్రభుత్వం నుంచి మాత్రం మొక్కజొన్నకి డబ్బు వచ్చిందని నవ్వుతూ చెప్పాడు. వేయని పంటకి డబ్బేమిటండీ? నన్ను ఆట పట్టించాడా?

జవాబు: లేదు మాస్టారూ, ఆయన చెప్పింది నిజమే. అక్కడ ఈ ఏడు చేలో ఏ పంట నిలబడి ఉందో చూసి డబ్బు ఇవ్వరు, ఆ భూమి పేరున రికార్డులో ఉన్న పాత పంటని చూసి ఇస్తారు. వాటిని బేస్ ఎకరాలు అంటారు. ఒకప్పుడు ఆ పొలంలో ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేసేవాళ్ళో లెక్కగట్టి భూమికి తగిలించిన అంకె అన్నమాట. 2014 వ్యవసాయ చట్టం వచ్చినప్పుడు, 2009 నుంచి 2012 దాకా వేసిన పంటల్ని బట్టి ఆ వాటాల్ని సవరించుకోనిచ్చారు. 2025 చట్టం దేశం మొత్తం మీద ఇంకో 3 కోట్ల ఎకరాల దాకా కొత్త బేస్ ఇస్తానంది. అలాంటి సందర్భాల్లో తప్ప అంకె కదలదు. భూమి అమ్మితే బేస్ కూడా దాని వెంటే పోతుంది, చెరువు కింద పొలం అమ్మితే నీటి వాటా కూడా పోయినట్టు.

ఇంత మెలిక ఎందుకంటే, వేసిన పంటకే డబ్బిస్తే అందరూ అదే వేస్తారు, ధర ఇంకా పడిపోతుంది, ప్రభుత్వం ఇంకా ఇవ్వాల్సొస్తుంది. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ హయాంలో ఈ వ్యవహారం మొదలైందే ఆ బాధతో. అప్పట్లో నిలబడ్డ పత్తిని దున్నేయమని రైతులకి డబ్బిచ్చారు, సుమారు అరవై లక్షల పందుల్ని కొని చంపించారు, జనం తిండికి అల్లాడుతున్న రోజుల్లో. ఆ అనుభవం తర్వాత ఎన్నో చట్టాలు మారి చివరికి డబ్బునీ విత్తనాన్నీ విడదీశారు. ప్రపంచ వాణిజ్య సంస్థ నియమాలకి కూడా అలా విడదీయడమే అనుకూలం.

ఇప్పుడు ప్రధానంగా నడిచేవి రెండు పథకాలు, రెండూ 2014 చట్టంలో పుట్టినవే. ఒకటి పీఎల్‌సీ, అంటే ధర పడిపోతే ఆదుకునేది. పంటకి చట్టంలో ఒక ధర రాసి ఉంటుంది. ఆ మార్కెట్ సంవత్సరంలో, అంటే పంట కోతకొచ్చాక పన్నెండు నెలల్లో, దేశం మొత్తం మీద వచ్చిన సగటు ధర దానికంటే తగ్గితే, ఆ తేడా ఇస్తారు. లెక్క ఎలా ఉంటుందో మీరే చూడండి, మాస్టారు కదా. 2019 గోధుమ పంటకి చట్టంలో ధర బుషెల్‌కి 5.50 డాలర్లు, సగటు ధర వచ్చింది 4.58. తేడా 92 సెంట్లు. గోధుమ బుషెల్ అంటే 27 కిలోల పైచిలుకు. ఒక రైతుకి 100 గోధుమ బేస్ ఎకరాలు ఉండి, రికార్డులో దిగుబడి ఎకరానికి 40 బుషెళ్ళు ఉందనుకుందాం. వందలో 85 ఎకరాలకే లెక్క కడతారు. 85ని 40తో, దాన్ని 0.92తో గుణిస్తే 3,128 డాలర్లు. ఆ ఏడు ఆయన పొద్దుతిరుగుడు వేసినా, బీడు పెట్టినా ఇదే లెక్క.

ఆ 3,128 ఎప్పుడొచ్చింది? 2019 పంటకి 2020 అక్టోబర్ తర్వాత. పంట అమ్మి, అప్పు కట్టి, మళ్ళీ విత్తనం వేసి, అది కూడా కోతకొచ్చేసరికి పాత పంట డబ్బు వస్తుంది. బ్యాంకు వాళ్ళు మాత్రం అంతకాలం ఆగరు. రైతు సాయం అనగానే అవసరానికి అందే డబ్బు అనుకుంటాం కానీ ఇది ఎక్కువగా పాత గాయానికి ఆలస్యంగా పూసే మందు. రెండో పథకం సంగతి కింద వస్తుంది.

ప్రశ్న: ఎకరానికి ఇంత అని ఏటా నేరుగా ఖాతాలో వేసేస్తే సరిపోదా? ఈ ధరలు, సగటులు, నూటికి 85లు ఏమిటి?

జవాబు: అదీ చేసి చూశారు. 1996 నుంచి ఒక పేరుతో, 2002 నుంచి డైరెక్ట్ పేమెంట్ల పేరుతో 2014 చట్టం వచ్చేదాకా అలాగే ఇచ్చారు, చివరి రోజుల్లో ఏడాదికి సుమారు 500 కోట్ల డాలర్లు. ధర ఆకాశానికంటినా ఆ డబ్బు వచ్చేది, అసలు సేద్యమే చేయకపోయినా వచ్చేది. 2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక తవ్వి తీసిన కథనంలో 2000 నుంచి అప్పటిదాకా సేద్యం చేయనివాళ్ళకి కనీసం 130 కోట్ల డాలర్లు పోయిందని తేలింది. టెక్సస్‌లో ఒకప్పటి వరి భూముల్లో ప్లాట్లు వేసి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి కూడా పెరటి గడ్డి మీద వరి డబ్బు వచ్చింది. అందులో కొందరు అడగను కూడా లేదు, దానంతటదే వచ్చింది. 2014లో దాన్ని ఎత్తేయడానికి అలా పరువు పోవడం కూడా ఒక కారణం.

ఎత్తేశాక మళ్ళీ ఎకరాల లెక్క రాలేదా అంటే వచ్చింది, దొడ్డిదారిన. 2024 డిసెంబర్‌లో కాంగ్రెస్ 1,000 కోట్ల డాలర్లు కేటాయించి, ఆ ఏడాది వేసిన పంటకి మొక్కజొన్నకైతే ఎకరానికి 42.91 డాలర్లు, సోయాకి 29.76, పత్తికి 84.74 చొప్పున ఇచ్చింది. ఇది బేస్ మీద కాదు, నిజంగా వేసిన ఎకరాల మీద. కాబట్టి విడదీశాం అన్నది కూడా పూర్తి నిజం కాదు, ఎన్నికలో, ధరల పతనమో ముంచుకొస్తే కలిపేస్తారు.

ప్రశ్న: మా బావగారు కాన్సస్‌లో ఒక రైతు దగ్గర అకౌంట్లు చూస్తాడు. రోడ్డుకి అవతల కౌంటీ వాళ్ళకి ఎకరానికి ఎక్కువ, ఇవతల వాళ్ళకి తక్కువ వచ్చిందని ఊరంతా గొణుగుడట. గాలి, వాన, మట్టి ఒకటే కదా, కౌంటీ గీత దాటితే రేటు ఎందుకు మారుతుంది?

జవాబు: మీ బావగారి కౌంటీ వాళ్ళ గొణుగుడులో న్యాయం ఉంది. రెండో పథకం కింద చెబుతానన్నాను కదా, అది ఏఆర్‌సీ, ఆదాయం పడిపోతే ఆదుకునేది. ఇందులో కొలబద్ద కౌంటీ. ఐదేళ్ళ దిగుబడులు తీసుకుని, అన్నిటికంటే ఎక్కువదీ అన్నిటికంటే తక్కువదీ పక్కన పెట్టి, మిగతా మూడింటి సగటు కడతారు. ధరకీ అలాగే. రెండూ గుణిస్తే ఆ కౌంటీలో ఎకరానికి మామూలుగా రావాల్సిన ఆదాయం తేలుతుంది. ఈ ఏడాది కౌంటీ ఆదాయం అందులో 86 శాతం కంటే కిందికి పోతే తేడా ఇస్తారు, అదీ ఒక హద్దు దాకానే. 2025 చట్టం ఆ 86ని 90 చేసింది.

ఇందులో ఎక్కడా మీ చేను లేదు, చూశారా? మీ చేను వడగళ్ళకి తుడిచిపెట్టుకుపోయినా కౌంటీ సగటు బాగుంటే మీకు సున్నా. మీకు బంపర్ పంట వచ్చినా కౌంటీ మొత్తం దెబ్బతింటే మీకూ డబ్బు. ఒకే రైతు పొలం రెండు కౌంటీల్లో ఉంటే ఇంకో తమాషా. కాగితాలన్నీ ఒక ఆఫీసులోనే ఉన్నా, 2018 చట్టం తర్వాత భూమి నిజంగా ఏ కౌంటీలో ఉందో ఆ కౌంటీ లెక్కే వర్తిస్తుంది. అంతకుముందు ఆఫీసు ఏ కౌంటీదైతే అదే లెక్క, దాని మీద జరిగిన గొడవల తర్వాతే మార్చారు.

కౌంటీ గీత మీద అసలైన రచ్చ 2019లో జరిగింది. చైనాతో సుంకాల గొడవలో రైతులకి దెబ్బ తగిలిందని ప్రభుత్వం రెండేళ్ళలో సుమారు 2,300 కోట్ల డాలర్లు పంచింది. మొదటి ఏడాది, 2018లో, పంటని బట్టి ఇచ్చారు. సోయాకి బుషెల్‌కి 1.65 డాలర్లు, మొక్కజొన్నకి ఒకే ఒక్క సెంటు. మొక్కజొన్న రైతులు ఎంత తిట్టుకున్నారో ఊహించుకోండి. రెండో ఏడాది ఆ తిట్లు తప్పించుకోవడానికేమో, కౌంటీకి ఒక రేటు పెట్టారు, ఏ పంట వేసినా ఆ కౌంటీలో ఎకరానికి ఒకే రేటు. 15 డాలర్ల నుంచి 150 డాలర్ల దాకా. ఇక తిట్లు పంటల మధ్య నుంచి కౌంటీల మధ్యకి మారాయి. గీత ఎక్కడో ఒకచోట గీయాల్సిందే అన్న వాదన నాకు అర్థమవుతుంది, కానీ పది రెట్ల తేడాకి గీతని కారణంగా చెప్పడం నాకు మింగుడు పడలేదు.

ప్రశ్న: ఇవన్నీ కౌంటీలో ఎవరు చూస్తారు? అక్కడా రాజకీయాలు, ముఖం చూసి పని చేయడాలు ఉంటాయా?

జవాబు: వ్యవసాయ శాఖ కింద ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ అని ఉంటుంది, రైతులు ఎఫ్‌ఎస్‌ఏ అంటారు. దేశంలో 3,000కు పైగా కౌంటీలుంటే వాటికి రెండు వేలకు పైగా ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులున్నాయి. చిన్న కౌంటీలు రెండేసి కలిసి ఒక ఆఫీసు పంచుకుంటాయి. రైతుకి పని పడేది ఇక్కడే. ఏటా ఏ చెక్కలో ఏం వేశాడో మ్యాపు మీద చూపించి సంతకం పెట్టాలి, వసంతంలో వేసే పంటలకి చాలాచోట్ల జూలై 15 గడువు. ఆ ఒక్క తారీఖు మరిచిపోతే తర్వాత ఎన్ని ఫోన్లు చేసినా ఇబ్బందే. ఆఫీసు పైన ఒక కౌంటీ కమిటీ ఉంటుంది, రైతులే ఓట్లేసి ఎన్నుకుంటారు, పదవి మూడేళ్ళు.

రైతుల్ని రైతులే ఎన్నుకుంటే న్యాయం జరుగుతుందనుకుంటాం. జరగలేదు. దక్షిణ రాష్ట్రాల్లో దశాబ్దాల పాటు ఈ కమిటీల్లో దాదాపు అందరూ తెల్లవాళ్ళే. నల్లజాతి రైతు అప్పుకి అర్జీ పెడితే ఆలస్యం చేయడం, తక్కువ ఇవ్వడం, అదను దాటాక ఇవ్వడం. విత్తనం వేసే నెల దాటాక వచ్చిన అప్పు దేనికి పనికొస్తుంది? 1997లో వాళ్ళు కోర్టుకెక్కారు, పిగ్‌ఫోర్డ్ కేసు అంటారు. 1999లో రాజీ ఒప్పందాన్ని ఆమోదిస్తూ న్యాయమూర్తి రాసిన తీర్పు 'నలభై ఎకరాలు, ఒక కంచరగాడిద' అనే మాటతో మొదలవుతుంది. అంతర్యుద్ధం ముగిసే రోజుల్లో బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళకి ఇస్తామని చెప్పి ఇవ్వని మాట అది. ఆ కేసులో 100 కోట్ల డాలర్లకి పైగా చెల్లించారు. గడువు దాటిందని బయట మిగిలిపోయినవాళ్ళ కోసం 2010లో ఇంకో 125 కోట్లు మంజూరు చేశారు. ఈలోపు పోయిన భూములు మాత్రం తిరిగి రాలేదు. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు, ఉంటాయి, ఉన్నాయి.

ప్రశ్న: మేం నలుగురం ఫ్రెండ్స్ కలిసి డాలస్‌కి గంటన్నర దూరంలో 40 ఎకరాలు కొన్నాం. ఇద్దరు హెచ్1బీ, ఒకరు గ్రీన్‌కార్డు, ఒకరు సిటిజన్. అంతా గడ్డి భూమి. ప్రభుత్వం ఎకరానికి డబ్బులిస్తుందని అమ్మిన ఏజెంట్ చెప్పాడు. ఎలా అప్లై చేయాలి?

జవాబు: బాబూ, ముందు ఏజెంట్ మాట పక్కన పెట్టండి. ఆయన బహుశా రెండు వేరు వేరు సంగతులు కలిపేసి ఉంటాడు. టెక్సస్‌లో పశువులు మేపడమో గడ్డి కోయడమో చేస్తూ ఉంటే ఆస్తి పన్ను తగ్గుతుంది, జనం అగ్ ఎగ్జెంప్షన్ అంటారు. అది పన్ను తగ్గింపు, చేతికొచ్చే డబ్బు కాదు, దాన్ని చూసేది కౌంటీలో ఆస్తి విలువ కట్టే ఆఫీసు. ఎఫ్‌ఎస్‌ఏతో దానికి సంబంధం లేదు.

ఇక ఎఫ్‌ఎస్‌ఏ డబ్బు. పైన చెప్పిన బేస్ ఎకరాలు మీ భూమికి ఉన్నాయా? అమ్మినవాళ్ళని ఎఫ్‌ఎస్‌ఏ ఇచ్చిన ఫార్మ్ నంబరు అడగండి, దాంతో కౌంటీ ఆఫీసుకి వెళ్తే చెబుతారు. 2009 నుంచి 2017 దాకా మొత్తం గడ్డే ఉన్న ఫార్మ్‌లకి బేస్ ఉన్నా 2018 చట్టం డబ్బు ఆపేసింది. బేస్ మొత్తం కలిపి పది ఎకరాల లోపే ఉంటే మామూలుగా పేమెంట్ రాదు, కొత్తగా సేద్యంలోకి దిగినవాళ్ళలాంటి కొందరికే మినహాయింపు. గడ్డి భూమికి దొరికే సాయం వేరే ఉంది, కరువు మ్యాప్‌లో మీ కౌంటీ ఎంత ఎర్రబడిందో, ఎన్ని వారాలు అలా ఉందో చూసి మేత నష్టానికి ఇస్తారు. కానీ దానికి మీ సొంత పశువులు ఉండాలి. ఉన్నాయా? వారాంతంలో వెళ్ళి ఫొటోలు దిగితే చాలదు.

మనిషి అర్హత ఇంకో మెట్టు. సిటిజన్, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఆ చిక్కు లేదు. హెచ్1బీ వాళ్ళని విదేశీయులుగానే చూస్తారు. భూమి, పెట్టుబడితో పాటు గట్టిగా సొంత ఒళ్ళు వంచి పనిచేస్తేనే పేమెంట్‌కి అర్హత. వీసా మీద ఒక కంపెనీకి పనిచేస్తూ ఇంకోచోట ఒళ్ళు వంచితే ఏమవుతుందో మీ లాయర్ని అడగండి, నన్ను కాదు.

మీరు అడగనిదే అసలు ముఖ్యమైంది. 1978 చట్టం ప్రకారం విదేశీయులు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో వ్యవసాయ శాఖకి తెలియజేయాలి, సాధారణంగా ఆ కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులోనే ఫారం ఇవ్వాలి. గ్రీన్‌కార్డు లేనివాళ్ళు దీని కిందికే వస్తారు. చెప్పకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వేయొచ్చు. మీ ఇద్దరు హెచ్1బీ ఫ్రెండ్స్ ఆ ఫారం ఇచ్చారా? కంపెనీ పేరు మీద కొన్నా ఎవరి వాటా ఎంతో చూస్తారు కాబట్టి మాకు వర్తించదులే అని మీలో మీరే తేల్చేసుకోకండి. ఎకరానికి ఎంత వస్తుందో ఆరా తీసే ముందు ఈ పని చేయండి, ఈ వారమే.

ప్రశ్న: పేర్ల జాబితా చూశాను. ఒకే కౌంటీలో ఒకే ఇంటిపేరుతో ఏడుగురికి లక్షల డాలర్లు, కింద వందల మందికి వెయ్యి, రెండు వేలు. దీన్ని రైతు సాయం అంటారా? పరిమితి ఏమీ లేదా?

జవాబు: మీరు చూసింది ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ పెట్టిన జాబితా అయ్యుంటుంది. సమాచార చట్టం కింద ప్రభుత్వం దగ్గర తీసుకుని 1995 నుంచి లెక్కలు పెట్టారు. ఎక్కువ తీసుకున్న పది శాతం మందికే పంట పథకాల డబ్బులో నాలుగింట మూడొంతులకి పైగా వెళ్ళిందని వాళ్ళ లెక్క. ఎకరాల మీద ఇచ్చే డబ్బు ఎకరాలున్నవాడికే పోతుంది, ఇందులో వింతేమీ లేదు.

పరిమితి ఉంది. ఏడాదికి మనిషికి 1,25,000 డాలర్లు ఉండేది, 2025 చట్టం 1,55,000 చేసింది. మూడేళ్ళ సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటితే మామూలుగా రాదు. కానీ పరిమితి మనిషికి, పొలానికి కాదు. భార్యకి ఇంకో పరిమితి. భాగస్వామ్యంలో ఎందరుంటే అన్ని పరిమితులు. కుటుంబ సేద్యంలో ఎవరెవరిని కుటుంబంగా లెక్కేస్తారన్న గీతని 2018 చట్టం మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు, చిన్నాన్న పెదనాన్న పిల్లల దాకా జరిపింది. వాళ్ళు సేద్యంలో పనో నిర్వహణో చేయాలని నియమం. పని అయితే చెమట కనిపిస్తుంది, నిర్వహణని ఏం పెట్టి కొలుస్తారు? మీరు చూసిన ఏడుగురిలో నిజంగా ట్రాక్టరెక్కేవాళ్ళు ఏడుగురూ ఉండొచ్చు, ఇద్దరే ఉండొచ్చు, జాబితా చూసి చెప్పలేం. పేరు కనిపించగానే దొంగ అనేయకండి. ఇరవై ముప్ఫై లక్షల డాలర్ల అప్పు మీద నడిచే సేద్యానికి లక్ష డాలర్లు రావడం మనం దూరం నుంచి చూసినంత పండగ కాదు.

ఆ జాబితాలో కనిపించే వెయ్యి, రెండు వేల వాళ్ళలో భూమి పాలికిచ్చిన ముసలివాళ్ళు కూడా ఉంటారు. పంట పంచుకునే ఒప్పందమైతే డబ్బు కూడా ఇద్దరికీ ఆ వాటాల్లోనే వస్తుంది. నగదు కౌలైతే మొత్తం కౌలు రైతుకే. కాగితం మీద కౌలు రైతుకే వచ్చినా, మరుసటి ఏడు కౌలు రేటు పెరిగి అందులో కొంత భూస్వామి జేబులోకే చేరుతుంది. ఇది జాబితాలో కనిపించదు.

జాబితాలో కనిపించనిది ఇంకోటి, పంట బీమా. ప్రీమియంలో సగటున 60 శాతం పైగా ప్రభుత్వమే కడుతుంది, దానికి మనిషికి ఇంత అనే పరిమితి అసలు లేదు. కోపం మిగిలి ఉంటే అటు మళ్ళించండి.

ప్రశ్న: నెబ్రాస్కాలో 80 ఎకరాలు చూశాం. 'సీఆర్‌పీలో ఉంది, ఏటా ప్రభుత్వం అద్దె ఇస్తుంది, మీరేం చేయక్కర్లేదు' అంటున్నారు. మావారు అప్పుడే గడ్డి కోసే మిషన్ ధరలు చూస్తున్నారు. కొనొచ్చా?

జవాబు: అమ్మా, సీఆర్‌పీ మంచి పథకమే, 1985 నుంచి ఉంది. కోతకి గురయ్యే నేలని పది నుంచి పదిహేనేళ్ళు సేద్యం నుంచి తప్పించి గడ్డీ చెట్లూ పెంచితే ఏటా అద్దె ఇస్తారు. అద్దె ఆ కౌంటీ కౌలు రేట్లని, నేల రకాన్ని బట్టి ఉంటుంది. మనిషికి ఏడాదికి 50,000 డాలర్ల దాకానే. ఒప్పందం ఇంకా ఎన్నేళ్ళుందో ముందు అడగండి, రెండేళ్ళే ఉంటే అద్దె చూసి ధర ఎక్కువ పెట్టకండి. కొన్నాక ఒప్పందం మీ పేరుకి మార్పించుకోవాలి. అలా మార్చుకోకపోతే అది రద్దవుతుంది, అప్పటిదాకా ఇచ్చినదంతా వడ్డీతో వెనక్కి అడుగుతారు, మామూలుగా అమ్మినవాళ్ళని. అందుకే వాళ్ళ లాయరు అమ్మకం పత్రంలో ఆ బరువు మీ మీదికి నెట్టే వాక్యం ఒకటి పెట్టి ఉంటాడు, వెతకండి. వేటకి లీజుకిచ్చుకోవచ్చు. గడ్డి మాత్రం మీ ఇష్టమొచ్చినప్పుడు కోయడానికి లేదు, పక్షులు గూళ్ళు పెట్టే కాలంలో అసలే కూడదు, ఎప్పుడు కోయాలన్నా ముందు కౌంటీ ఆఫీసులో అడగాలి. మీవారితో మిషన్ సంగతి కొంచెం ఆపమని చెప్పండి.